ఊపిరి వంతులు

మిషన్లు పెళ్ళికి తరలినట్టు తరలిపోయాయని గ్రేస్ సిస్టరు ఆ తర్వాత అడిగిన ప్రతివాళ్ళకూ చెప్పింది. లక్సెట్టిపేటలో డాక్టరు దశరథం గారి దవాఖాన ముందు పొద్దున ఏడింటికి అంబులెన్సు వెనక తలుపులు బార్లా తెరిచారు. ఐసీయూలో ఉన్న రెండు వెంటిలేటర్లనూ తెచ్చి, చద్దర్లు కప్పి, నవారుతో కట్టి లోపల నిలబెట్టారు. రెంటి నడుమ చిన్న ఆక్సిజన్ సిలిండరు ఇరికించారు. మిషన్ల మంచిచెడ్డలు చూసే అల్తాఫ్ వాటి పక్కన, పెళ్ళికూతురి అరణం సామాను వెంట పోయే ముసలాయనలా బిగుసుకుని కూచున్నాడు. బండి పెద్దపల్లి దారి పట్టింది.

సంగతేమిటంటే, ఆ ఏడు ఐసీయూలకు తరగతులు కట్టే తనిఖీ మొదలైంది. ఒకటో లెవెల్, రెండో లెవెల్, మూడో లెవెల్. రెండో లెవెల్ కావాలంటే వాళ్ళ ఫారం ప్రకారం ఆరు పడకలకు నాలుగు వెంటిలేటర్లు చూపించాలి. దశరథం గారికి రెండున్నాయి. పెద్దపల్లిలో దవాఖాన నడిపే ఆయన బావమరిదికి రెండున్నాయి. ఒక్క మంచి అంగీ ఉన్న ఇద్దరన్నదమ్ములు పిల్లను చూడబోవడానికి ఒప్పందం చేసుకున్నట్టు, తనిఖీ ఎవరింటికొస్తే నాలుగు మిషన్లూ వాళ్ళింట్లో ఉండాలని బావా బావమరుదులు అనుకున్నారు. తీరా ఉత్తరం వస్తే ఇద్దరికీ ఒకటే రోజు. పెద్దపల్లికి పొద్దున పదింటికి, లక్సెట్టిపేటకు మధ్యాహ్నం మూడింటికి. చూసే అధికారి కూడా ఒక్కడే. తెలివిగల వాళ్ళయితే అక్కడితో ఆగిపోయేవాళ్ళు. వీళ్ళు చదువుకున్నవాళ్ళు. నడుమ ఐదు గంటలున్నాయి, దారి రెండు గంటలే కదా అని లెక్క వేశారు.

గ్రేస్‌ది ఖానాపూర్ పక్క ఊరు. పద్దెనిమిదేళ్ళ నుంచి నర్సు పని, అందులో తొమ్మిదేళ్ళు ఈ ఐసీయూలోనే. నడుమ ఎవరైనా పేషెంటు వస్తే ఏం చేస్తారని ముందురోజే అడిగింది. దశరథం గారు చెడ్డవాడేం కాదు, కాని ఆయనకు ఒక ఆలోచన తలకెక్కితే దిగదు. ఇరవై రోజుల నుంచి ఒక్క వెంటిలేటర్ కేసు రాలేదు, సరిగ్గా రేపే వస్తుందా సిస్టర్ అన్నాడు. దసరా ముందే బోర్డు మీద ఎర్ర రంగుతో 'లెవెల్ 2 ఐసీయూ' అని రాయించిన మనిషాయన.

కేసు ఎనిమిదిన్నరకు వచ్చింది.

టాటా ఏస్ బండిలో వడ్ల బస్తాల మీద పడుకోబెట్టి తెచ్చారు. మనిషి పేరు లస్మవ్వ, యాభై దాటాయి. రాత్రి కల్లంలో వడ్ల కుప్ప కావలి పడుకుంటే ఏదో చురుక్కుమందట. చీమ అనుకుంది. తెల్లవారేసరికి కడుపులో నొప్పి, మాట ముద్ద, కనురెప్పలు వాలిపోతున్నాయి. పడుకున్న సంచి దులిపితే కట్లపాము పడింది. ఊళ్ళో వాళ్ళు మంచిర్యాలకే పోదామనుకున్నారు. దారిలో బోర్డు కనిపించింది. రెండు అంటే పెద్దదే ఉంటుంది, ఇక్కడే ఆపమని లస్మవ్వ మొగుడు కైలాసం చెప్పాడు.

డ్యూటీలో ఉన్న పడుచు డాక్టరు సాయిచంద్ పని తెలిసినవాడు. విషానికి విరుగుడు మందు ఎక్కించాడు. అది ఎక్కుతుండగానే లస్మవ్వ ఛాతీ లేవడం తగ్గింది. గొంతులోకి గొట్టం వేశాడు. వేసి, అలవాటు చొప్పున చెయ్యి చాపి వెంటిలేటర్ కోసం చూశాడు. గోడ దగ్గర రెండు నలుచదరపు గుర్తులున్నాయి, అక్కడి నేల మాత్రం కొత్తగా తళతళలాడుతోంది.

గ్రేస్ చేత్తో నొక్కే రబ్బరు సంచి తీసి గొట్టానికి తగిలించి నొక్కడం మొదలుపెట్టింది. నొక్కితే లస్మవ్వ ఛాతీ లేస్తుంది, వదిలితే పడుతుంది. ఇక ఆ మనిషి ప్రాణం ఆ సంచిలో ఉంది.

మంచిర్యాల పంపుదామంటే దవాఖాన అంబులెన్సు పెద్దపల్లిలో ఉంది. వేరే బండిలో పంపుదామంటే దారిలో పట్టుకుపోయే చిన్న సిలిండరు కూడా ఆ అంబులెన్సులోనే ఉంది. 108కి ఫోన్ చేస్తే కాన్పు కేసు మీద ఉన్నామన్నారు. గంటన్నరకు పాపం వాళ్ళు వచ్చారు కాని, అప్పటికి లస్మవ్వ బీపీ పడిపోయింది. ఇప్పుడు కదిలిస్తే దారిలోనే పోతుందని సాయిచంద్ అడ్డం పడ్డాడు. ఇంతలో వాళ్ళకు ఇంకో చోటి నుంచి పిలుపొచ్చి వెళ్ళిపోయారు.

గ్రేస్ సంచి నొక్కుతూనే, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని దశరథం గారితో మాట్లాడింది. ఆయన కింద గదిలో ఫైళ్ళు సర్దుకుంటున్నాడు. మిషన్లు వెంటనే వెనక్కి రప్పించమంది. అధికారి అప్పుడే పెద్దపల్లిలో కుర్చీలో కూచున్నాడట, ఆయన కళ్ళ ముందు నుంచి మిషన్లు ఎట్లా ఎత్తుకొస్తారు, గంటలో వచ్చేస్తాయి అన్నాడు. పది గంటలకూ అదే మాట. పదకొండుకూ అదే మాట. ఆ దవాఖానలో గంట అంటే ఎంతసేపో గ్రేస్‌కు ఆ రోజుతో అర్థం కాకుండా పోయింది.

"మిషన్లకు బదులు గీ సార్‌నే తాళ్ళతోని కట్టి పెద్దపల్లికి పంపేదుండె," అంది, ఫోన్ పెట్టేసి. "ఆయన లేకున్నా ఊపిరాడుతది గదా మనకు." ఇంకా నాలుగు మాటలు అంది. మెథడిస్టు చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శిగా ఉన్న మనిషి అనదగిన మాటలు కావవి. ఆ తర్వాత దేవుణ్ణి తలుచుకుందామంటే ప్రార్థన కూడా తిట్టులాగే వచ్చింది.

చేతులు లాగడం మొదలైంది. నర్సులు ముగ్గురే, అందులో ఇద్దరు కింద వార్డులో. ఆయాను నొక్కమంటే భయంతో గబగబ నొక్కింది. గ్రేస్ ఆమె చేతిలోంచి లాక్కుంది. అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ కైలాసం లోపలికొచ్చాడు. చెప్పులు బయటే విడిచి, తలకు చుట్టిన తువ్వాల విప్పి నడుముకు కట్టుకుని వచ్చాడు. కాసేపు సంచిని చూశాడు, పెళ్ళాం ఛాతీని చూశాడు.

"సిస్టరమ్మా, నేను చెరువు నీరటికాణ్ణి. ముప్పై ఏండ్ల సంది తూము నా చేతులనే ఉన్నది. ఎంత ఇడవాలె, ఎంత సేపు ఆపాలె, గది జెప్పు చాలు."

నొక్కి, వదిలి, ఐదు అంకెలు లెక్కపెట్టి మళ్ళీ నొక్కమని చెప్పింది. ఎక్కువ నొక్కితే ఊపిరితిత్తి చిట్లుతుందంది. ఆయన తలూపాడు. ఎక్కువ వదిలితే గట్టు తెగుతుంది, తక్కువ వదిలితే చివరి మడికి అందదు, అంతేనా అన్నాడు. అంతే అంది. ఆయన నొక్కుతుంటే మానిటరు మీద ఆక్సిజన్ అంకె తొంభై ఆరు దగ్గర నిలబడింది. గ్రేస్ నొక్కినప్పటి కన్నా రెండు ఎక్కువే.

ఒక్కడి వల్ల కాదని ఆయనకూ తెలుసు. వరి ఎండే రోజుల్లో ఊళ్ళో నీళ్ళు వంతుల మీద పారతాయి. ఎవరి తర్వాత ఎవరు, ఎంతసేపు, అంతా నీరటికాడి నోట్లోనే ఉంటుంది. ఎంత పెద్ద రైతైనా వంతు తప్పి తూము ముట్టడు. ఆ లెక్కనే ఇక్కడికి తెచ్చాడు. బండి వెంట వచ్చినవాళ్ళు ఏడుగురు. వాళ్ళను వరండాలో వరసగా కూచోబెట్టాడు. చేతులు కడుక్కోమన్నాడు. ఊళ్ళోనైతే ఒక చుట్ట కాలేదాకా ఒక వంతు. అదే ఇక్కడా పెడదామా అని అడిగితే, ఆక్సిజన్ గదిలో చుట్ట పేరెత్తితే అందరం పోతామని గ్రేస్ కసిరింది. సరే, రెండు వందల నొక్కుళ్ళకు ఒక వంతు అన్నాడు. ఒకరు నొక్కుతుంటే తర్వాతి వాడు పక్కన నిలబడి లెక్కపెట్టాలి. ఒక్క నొక్కుడు కూడా తప్పకుండా చెయ్యి మారాలి, తూము కాడ మారినట్టే.

గ్రేస్ మంచం తలవైపు నిలబడి గొట్టం కదలకుండా పట్టుకుంది. సాయిచంద్ మందులు, బీపీ చూసుకున్నాడు. ఫారంలో ఒక గడి ఉంది, వెంటిలేటర్ పేషెంటుకు నర్సులెందరు అని. ఇక్కడ ఒక్క పేషెంటుకు ఏడుగురు. ఏ లెవెల్‌లో వేస్తారో వేసుకోమనుకుంది.

"గా బోర్డు మీద రెండు అంటే ఏంది సిస్టరమ్మా?" కైలాసం తన వంతు అయ్యాక గోడకు ఆనుకుని అడిగాడు.

ఆయనకు తెలిసిన లెక్కలోనే చెప్పింది. ఒకటో లెవెల్ అంటే కుంట, ఒకటి రెండు రోజులు ప్రాణం నిలబెట్టి పైకి పంపాలి. రెండో లెవెల్ అంటే చెరువు, రోజుల తరబడి మిషన్ మీద పెట్టగలగాలి. మూడో లెవెల్ అంటే ప్రాజెక్టు, అన్ని రోగాలకూ అన్ని మిషన్లూ, అన్ని రకాల డాక్టర్లూ ఉండాలి.

కైలాసం ఖాళీగా ఉన్న గోడ వైపు చూశాడు.

"చెరువని రాసిండ్రు," అన్నాడు. "తూము తిప్పితే నీళ్ళేవి మరి? కుంటని రాస్తే నేను మంచిర్యాలకే పోతుంటి గదా."

ఆ మాటలో కోపం ఉంటే గ్రేస్ ఎదురు ఏదో అనేది. లెక్క తప్పిన మనిషిని అడిగినట్టు మామూలుగా అడిగాడాయన.

పన్నెండున్నరకు ఒక గండం వచ్చింది. వంతులో ఉన్న ఒకాయన జేబులో ఫోన్ మోగితే ఒక చేత్తో తీసి భుజానికి ఇరికించుకుని, వడ్లు తడిసినయా ఆరినయా అని మాట్లాడుతూ నొక్కడం తగ్గించాడు. అంకె తొంభై ఆరు నుంచి ఎనభైకి, అక్కడి నుంచి డెబ్బై నాలుగుకు పడింది. మానిటరు అరిచింది. లస్మవ్వ పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. కైలాసం ఒక్క అంగలో వచ్చి సంచి అందుకున్నాడు. ఆరు నొక్కుళ్ళకు గాని అంకె కదలలేదు. తొంభై దాటాక, ఆ మనిషి వైపు చూడకుండానే నీ వంతు కోసేసిన, బయటికి పో అన్నాడు. ఆయన కైలాసానికి పాలివాడే, అన్నదమ్ముల వరస, పదెకరాల ఆసామి. కిక్కురుమనకుండా పోయాడు.

తర్వాతి వంతు బుచ్చవ్వది. కైలాసానికి వదినె, లస్మవ్వకు యారాలు, తోడికోడలు. ఇద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు. ఆమె సంచి పట్టుకోగానే ఏడుపు అందుకుంది. కాని లెక్క తప్పలేదు, ఏడుపు కూడా ఐదు అంకెలకొకసారి ఆగింది.

"అయ్యో నా చెల్లె, మామ సచ్చిన నాడు గా ఇత్తడి గంగాళం నేనే ఎత్తుకపోయిన. దొంగలు వడ్డరని ఒట్టేసిన. మా గడ్డివాములనే ఉన్నది ఇప్పటికి. నన్ను కడుపుల వెట్టుకోని పో తల్లీ."

"బుచ్చవ్వా, ఆమె యాడికి పోతలేదు," అంది గ్రేస్, విసుగ్గా. "కట్లపాము విషానికి కండలు పడిపోతయి గాని చెవులు పడిపోవు. నువ్వు మాట్లాడేదంత ఇంటది. నాలుగు మంచి మాటలు చెప్పు."

"కన్ను తెరుస్తలేదు, చెయ్యి లేపుతలేదు, ఏం ఇంటది బిడ్డా," అని బుచ్చవ్వ, గంగాళంతో పాటు ఇంకో రెండు సంగతులు కూడా చెప్పేసుకుని తేలికపడింది.

ఇక పెద్దపల్లి సంగతి అల్తాఫ్ తర్వాత చెప్పాడు. అక్కడ నాలుగు మిషన్లనూ అధికారి లెక్కపెట్టుకున్నాడు. ఆయనను రెండింటి దాకా కూచోబెట్టాలని బావమరిది మటన్ వండించాడు, పైన నాటుకోడి. ఆ రోజు శనివారమన్న సంగతి ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. అధికారి శనివారాలు నీచు ముట్టడు. రెండు రొట్టెలు, పెరుగు తిని లేచాడు. అప్పటికి వెనక గేటు దగ్గర మిషన్లు బండికెక్కించి కదిలి పావుగంటే అయింది.

దారిలో రైల్వే గేటు పడింది. బొగ్గు బండి కదిలి కదలనట్టు పోతోంది. అంబులెన్సు సైరన్ మోగిస్తూ నిలబడింది. దాని వెనకే అధికారి కారు వచ్చి ఆగింది. ఆయన మంచివాడు, లోపల పేషెంటు ఇరుక్కుపోయాడేమోనని దిగి వచ్చి వెనక అద్దంలోంచి చూశాడు. లోపల నాలుగు వెంటిలేటర్లు నిలబడి ఉన్నాయి. ముందున్న దాని మీది చద్దరు జారిపోయింది. దాని పక్క రేకు మీద మూడు పసుపు వేళ్ళ గుర్తులు, నడుమ కుంకుమ బొట్టు. దసరా నాడు ఆయుధపూజలో ఆయాలు పెట్టింది. పసుపు ప్లాస్టిక్కులోకి ఇంకి స్పిరిటుకు కూడా పోలేదు. దశరథం గారు చెప్పినట్టు అల్తాఫ్ నంబరు చీటీలన్నీ పీకాడు గాని, బొట్టు మీదికి ఎవరి ఆలోచనా పోలేదు. పొద్దున పదిన్నరకు అదే బొట్టును చూసి అధికారి చేతులు జోడించాడట కూడా.

"ఏం కేసని అడిగిండక్కా," అన్నాడు అల్తాఫ్. "ఏం జెప్పాలె. సలాం కొట్టి, సీరియస్ సార్ అన్న."

రెండు గంటల నలభై నిమిషాలకు బండి దవాఖాన ముందు ఆగింది. దాని వెనకే కారు. దశరథం గారికి కారు కనిపించలేదో, కనిపించినా తల పనిచెయ్యలేదో, మెట్ల మీద నిలబడి నాలుగు మిషన్లనూ వరసగా నాలుగు పడకల దగ్గర పెట్టమని, ఫోటో తీయాలని అరుస్తున్నాడు. అల్తాఫ్ మొదటి మిషన్‌ను తోసుకుంటూ పైకొచ్చాడు. వెంటే వచ్చిన దశరథం గారు మొదటి పడక చూపించాడు. లస్మవ్వ ఉన్నది ఐదో పడక మీద. వరస తప్పుతుందని, ముందు ఇవి పెట్టి దానికి నాలుగోది పెడదామని, రెండు నిమిషాలే కదా అని ఆయన వాదన.

గ్రేస్ గొట్టం సాయిచంద్ చేతికిచ్చి వచ్చి, మిషన్ బండిని పట్టుకుని ఐదో పడక దగ్గరికి లాగింది. అల్తాఫ్ ఆవైపు నుంచి తోశాడు. దశరథం గారు నడుమ ఉన్నాడు గనక జరగాల్సి వచ్చింది. గోడకు ఆక్సిజన్ తగిలించారు, పైపులు కలిపారు, స్విచ్చి వేశారు. మిషన్ తనను తాను పరీక్షించుకుంటూ కూతలు పెట్టింది. అప్పుడు సంచి కైలాసం చేతిలో ఉంది. ఐదున్నర గంటల్లో ఎన్నో వంతో ఆయనకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. మిషన్ ఊపిరి మొదలయ్యాక కూడా ఆయన సంచి వదలలేదు. దాని లెక్క సరిగ్గా ఉందో లేదో అని పెదాలు కదుపుతూ పది ఊపిర్లు చూశాడు. అప్పుడు వదిలాడు. వేళ్ళు వంగిపోయి తెరుచుకోలేదు.

అధికారి ఎప్పుడొచ్చాడో, మంచం కాళ్ళ దగ్గర ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వరసగా నిలబడ్డ ఊరివాళ్ళను చూశాడు, రబ్బరు సంచిని చూశాడు, మిషన్ మీది పసుపు వేళ్ళను చూశాడు. దశరథం గారు నవ్వు తెచ్చుకుని నమస్కారం పెట్టాడు. అధికారి ఆయనను దాటి గ్రేస్‌ను అడిగాడు, ఈ మిషన్ ఈ దవాఖానదేనా అని.

"మాదే సార్. పొద్దుగాల పెద్దపల్లిల మీరు లెక్కపెట్టింది గూడ గిదే," అంది గ్రేస్. "జర పక్కకు జరుగుండ్రి. ఆక్సిజన్ పైపు మీద కాలు వెట్టిండ్రు."

ఆయన ఉలిక్కిపడి జరిగాడు. రెండు దవాఖానల ఫారాలూ అక్కడే, కిటికీ గట్టు మీద పెట్టి, ఒకే పెన్నుతో రాశాడు. రెండింటికీ ఒకటో లెవెల్. అదైనా ఎవరి రెండు మిషన్లు వాళ్ళ గడప దాటకుండా ఉంటేనే. కిందికి దిగి బోర్డు చూసి, దాన్ని రెండు రోజుల్లో మార్చమని మెట్ల మీద దశరథం గారికి చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం దశరథం గారు గ్రేస్‌ను పిలిచి, మాదే సార్ అనే దగ్గర ఆపితే సరిపోయేది కదా సిస్టర్ అన్నాడు. ఉద్యోగం తీసేస్తాడనుకుంది. తీసేస్తే ఐసీయూ చూసే మనిషి దొరకదని ఆయనకూ తెలుసు. అసలు అంతా చేసింది ఆయాల బొట్టేనని తేల్చి, వచ్చే దసరాకు మిషన్ల దగ్గరికి పసుపు రావద్దని కాగితం అంటించాడు.

మూడో రోజు పెయింటరు వచ్చి రెండు మీద తెల్లరంగు పూసి ఒకటి రాశాడు. బుచ్చవ్వ కింద నిలబడి చూసి పైకొచ్చి, మన దవాఖానకు ఒకటో నంబరు వచ్చిందట, మన వంతులు చూసే ఇచ్చి ఉంటారని సంబరపడింది. గ్రేస్ చెప్పబోయింది. కైలాసమే, కుంట వదినె, కుంట, అన్నాడు.

ఆ పొద్దే లస్మవ్వ కనురెప్పలు లేచాయి, చెయ్యి బిగించి పట్టుకోగలిగింది. మధ్యాహ్నం సాయిచంద్ గొట్టం తీశాడు. దగ్గు తగ్గాక నాలుగు చెంచాల నీళ్ళు పట్టించారు. అందరూ మంచం చుట్టూ మూగారు. లస్మవ్వ మొగుణ్ణి చూడలేదు. బుచ్చవ్వను వెతికింది. గొంతు గీరుకుపోయి మాట గాలిలాగా వచ్చింది.

"గంగాళం ఎప్పుడు తెస్తవే?"

బుచ్చవ్వ కొంగు నోట్లో కుక్కుకుని తలుపు వైపు తిరిగింది. కైలాసం నవ్వాడు, ఆ మూడు రోజుల్లో మొదటిసారి. రేపు పొద్దున్నే తోమించి తెప్పిస్తానన్నాడు. మిగతా రెండు సంగతులు ఇంటికి పోయినంక అడుగుతానంది లస్మవ్వ.

గ్రేస్ దిండు సర్దుతూ, మాట్లాడి అలిసిపోవద్దని కసిరింది. లస్మవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీ తిట్లు గూడ ఇన్న బిడ్డా, మీ సార్‌ను తిట్టినయి," అంది. "నోరు లేస్తే నేను గూడ రెండు కలుపుతుంటి."